తెల్లావిడ హద్దులు చూడలేదు

సర్వే శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఎదురైనప్పుడల్లా ఒకటే మాట అడుగుతారు. "ఇన్నేళ్ళు చేశారు కదండీ, మాకేమైనా చెప్పండి" అని. చెప్పడానికేముందయ్యా, ఎవర్నీ నమ్మకండి. మన ఉద్యోగంలో మొదట నేర్చుకోవాల్సింది కొలవడం కాదు, అనుమానించడం. నవ్వుతూ ఎదురొచ్చి "టీ తాగుదురు రండి" అన్నవాడు పక్కవాడి గట్టు మీద కన్నేశాడని అర్థం. గట్టు మీద కొబ్బరి మొక్క నాటినవాడు అది కాపుకొచ్చేసరికి గట్టే నాదంటాడు. ఇక పాత రికార్డు కావాలని ఎవరైనా వస్తే, చరిత్ర మీద ప్రేమతో వచ్చానని వాడు ఎంత చెప్పినా సరే, ఆ చరిత్ర కింద ఎక్కడో భూమి ఉంటుంది. నా సర్వీసు మొత్తంలో ఈ లెక్క తప్పింది ఒక్కసారే. అదీ సగమే తప్పింది. ఆ ముక్క చెబుతాను వినండి.

రిటైరవడానికి ముందు నా చివరి పోస్టింగు నరసాపురం వైపు, కాలువల మధ్యనున్న ఒక మండలంలో. రీసర్వే జోరుగా నడుస్తున్న రోజులు. పైన డ్రోన్లు తిరుగుతున్నాయి, కింద మేం హద్దులు కొలిచే రోవర్లు పట్టుకుని తిరుగుతున్నాం, మా వెనక జనం తిరుగుతున్నారు. ఎవరి ముక్క ఎంతకి తేలుతుందోనని ఎవరికీ నిద్ర లేదు. తోబుట్టువులు కూడా ఒకరి మొహం ఒకరు అదోలా చూసుకునేవారు.

ఆ మండలంలో కాలువ మలుపున అడితి పేట అని ఒక పేట ఉంది. పూర్వం ఒక ఇంగ్లీషు దొర కాలువల పనికి వచ్చి, ఆ ఉద్యోగం వదిలేసి, గోదావరి మీద తెప్పలుగా దిగే టేకు దుంగలు కొని అమ్మే అడితి అక్కడ పెట్టాడట. అడితి పోయింది, దొరా పోయాడు. దుంగలు మోసినవాళ్ళూ పడవలు నడిపినవాళ్ళూ ఆ జాగాలోనే ఇళ్ళు కట్టుకుని ఉండిపోయారు. ఇప్పుడున్నది వాళ్ళ మునిమనవలు. కరెంటు మీటర్లున్నాయి, ఇంటి పన్ను కడుతున్నారు, ఓట్లేస్తున్నారు. లేనిదల్లా ఆ నేల తమదని చెప్పే కాగితం. రీసర్వే పుణ్యమా అని ఆ కాగితం మొదటిసారి చేతికి రాబోతోంది.

ఆ కాగితం కోసం అందరికంటే ఎక్కువగా నా ప్రాణం తీసింది, పేటలో కాలువ వైపు చివరింట్లో ఉండే మామ్మగారు. భర్త లేడు. కొడుకూ పోయాడు. కోడలూ ఇద్దరు మనవలూ ఉన్నారు. లేసు అల్లి బతికింది, కళ్ళు సరిగ్గా కనపడకపోయినా అల్లుతూనే ఉండేది. నేను పేటలో బండి ఆపితే చాలు, చేతిలో సూది పక్కన పెట్టి వచ్చేసేది.

"బాబూ, మా పత్రం ఎంతవరకు వచ్చిందండీ?"

"వస్తుంది మామ్మా. అభ్యంతరాల గడువు అవ్వాలి కదా."

"మాకెవరు అభ్యంతరం చెప్తారండీ? దొరగారు లేచొస్తారా ఏంటి?"

దొర లేచి రాలేదు గానీ, దొర మునిమనవరాలు వచ్చింది.

ఒక రోజు నేనూ మా వీఆర్వో మండలాఫీసులో కూర్చుని ఉన్నాం. మా వీఆర్వో గురించి మీకు కొంచెం చెప్పాలి. నేనే అనుమానం మనిషినంటే నాకు తాతలాంటి వాడు. టీ కొట్టువాడు ఓ చెంచా పంచదార ఎక్కువేస్తే, ఎందుకేశాడా అని సాయంత్రం దాకా ఆలోచించే రకం. గుమ్మంలో ఒక తెల్లావిడ కనిపించగానే కళ్ళు చిన్నవి చేసి, "గురువు గారూ, ఏదో ఉంది" అన్నాడు.

ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. ఎండకి మొహం కందిపోయింది. పంజాబీ డ్రెస్సు వేసుకుని, చెమట తుడుచుకుంటూ అందరికీ నమస్కారం పెడుతోంది. వెనక రాజమండ్రి నుంచి వచ్చిన ఒక ప్లీడరు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతిలో ఫైలు. హోటలు వాళ్ళు కుదిర్చారని, మేడమ్ గారికి రికార్డుల పని చేసిపెడుతున్నానని చెప్పాడు. ఆవిడ ఇంగ్లీషు నాకు ముక్క అర్థం కాలేదు. మనకి వచ్చిన ఇంగ్లీషు ఏం పాటిది, రిపోర్టులు రాసే ఇంగ్లీషు. ఆవిడ నోట్లో మాటలన్నీ కలిసిపోయి వస్తున్నాయి. అందుకని ప్లీడరు చెప్పిందే వినాల్సి వచ్చింది.

"మేడమ్ గారి ముత్తాతగారు ఇక్కడ అడితి నడిపారండి. ఆయన తాలూకు వివరాలన్నీ కావాలంటున్నారు" అన్నాడు.

"వివరాలంటే?"

"వివరాలేనండీ. ఆయన ఎక్కడుండేవారు, ఏ జాగా, హద్దులేంటి."

మా వీఆర్వో బల్ల కింద నుంచి నా కాలు తొక్కాడు.

ఫైలులో చర్చి నుంచి తెచ్చిన బాప్తిస్మం నకళ్ళు ఉన్నాయి. దొర పిల్లలు ఇద్దరివి, ఒక మగపిల్లాడూ ఒక ఆడపిల్లా. తండ్రి పేరు పొడుగ్గా రాసి ఉంది. తల్లి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఆవిడ ఆ ఖాళీ మీద వేలు పెట్టి నాకేదో చెప్పబోయింది. ప్లీడరు ఆ కాగితం సున్నితంగా తీసి ఫైల్లో పెట్టేసి, "ఇవి వారసత్వానికి సరిపోతాయి కదండీ?" అన్నాడు. వారసత్వం అనే మాట వినగానే ఆ గదిలో మిగతా మాటలు నాకు వినపడలేదు.

రికార్డు అడిగితే వెతకడం మన పని. పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు కట్ట విప్పితే, అడితి జాగా ఎదురుగా పట్టాదారు కాలమ్‌లో ఆ దొర పేరే ఉంది. మన గుమస్తా తెలుగులో గుండ్రంగా రాశాడు. ఆ తర్వాత ఎవరూ ఆ పేరు మార్పించలేదు. పేట వాళ్ళకి మార్పించాలని తెలీదు, దొర పిల్లలు సీమకి, అదే ఇంగ్లండుకి, వెళ్ళిపోయారు. ప్లీడరు ఆ పేజీని ఫోటో తీస్తుంటే నేను రిజిస్టరు మూసేయబోయి ఆగాను. పేట మొత్తం ఆ ఒక్క పేరు కింద కూర్చుని ఉంది మరి.

ఇలాంటివి ఆఫీసు గోడలు దాటడానికి ఎంతసేపు? మర్నాడు జాగా చూపించడానికి వాళ్ళని తీసుకెళ్ళేసరికి పేటంతా వీధిలో ఉంది. ఎవరూ నోరెత్తలేదు. పిల్లల్ని కూడా లోపలికి లాగేసుకున్నారు. తెల్లావిడ ఎవర్ని చూసి నమస్కారం పెట్టినా తిరిగి పెట్టిన చెయ్యి లేదు. మంచినీళ్ళు కావాలా అని అడిగినవాళ్ళు లేరు. మా గోదావరి జిల్లాలో గడప ముందుకొచ్చిన మనిషిని మంచినీళ్ళడక్కపోవడం నేను పుట్టాక చూడలేదు. అంతగా భయపడ్డారు.

ఆవిడ ఏదో అడిగింది. ప్లీడరు పైకి, "ఇక్కడో బావి ఉండాలి, అది ఎవరి హద్దులోకొస్తుంది అంటున్నారు" అన్నాడు.

మా వీఆర్వో నా చెవిలో, "బావి అడుగుతోందండీ. దొరలు సొమ్మంతా బావి దగ్గరే పాతేవారంట" అన్నాడు.

"నువ్వు ఊరుకోవయ్యా బాబూ."

"నేను ఊరుకుంటే నిధి ఊరుకుంటుందా?"

బావి పూడ్చేసి చాలా కాలమైంది. అది మామ్మగారి పెరటి పక్కన ఉండేదని పేటలో ఎవరో అన్నారు. మేమంతా అటు వెళ్ళేసరికి, మామ్మగారు పెరటి తలుపుకి అడ్డంగా నిలబడింది. లోపల కుక్క ఈనిందని, ఎవరైనా వెళ్తే కరిచేస్తుందని చెప్పింది. ఆ ఇంట్లో కుక్క లేదు. ఆవిడ నా వైపు చూడకుండా ఆ మాట చెప్పింది. సరే, ఈవిడ కూడా ఏదో దాస్తోంది, ఇక ఈ పేటలో అనుమానించకుండా వదిలేయదగ్గ మనిషి ఒక్కరూ లేరు అనుకున్నాను.

సాయంత్రం నేను బయల్దేరుతుంటే మామ్మగారు మలుపు దాకా వెంటబడి వచ్చింది. లేసు సూది ఇంకా చేతిలోనే ఉంది.

"ఆవిడకి ఇచ్చేస్తారా బాబూ?"

"ఇవ్వడానికి నేనెవర్ని మామ్మా? విచారణ పెడతారు. ఎవరి వాదన వాళ్ళు చెప్పుకోవచ్చు."

"మా దగ్గర వాదనేముందండీ. మా అత్తగారు ఈ ఇంట్లోనే పోయారు. వాళ్ళ అత్తగారూ ఈ ఇంట్లోనే పోయారు. నా కొడుకుని ఈ అరుగు మీంచే తీసుకెళ్ళారు. ఇదేనా వాదన? దీనికి కాయితం ఎక్కడ తేనండీ?"

ధైర్యం చెప్పాలని నోటి దాకా వచ్చింది. కానీ మన ఉద్యోగంలో నోటి మాటగా ధైర్యం చెప్పకూడదు, రేపు అదే మన మెడకి చుట్టుకుంటుంది. "చూద్దాం మామ్మా" అని బండి స్టార్ట్ చేశాను. నాకు చాలా సిగ్గేసింది.

దారిలో వెనక సీటు మీద మా వీఆర్వో ఆగకుండా తెల్లావిణ్ణి తిడుతూనే ఉన్నాడు. వాళ్ళ తాతలు దోచుకెళ్ళింది చాలక ఇప్పుడు రెండేసి సెంట్ల కొంపలకి కూడా వచ్చారా, అని. నేను ఊ కొడుతూ ఆవేళ పేటలో జరిగింది మనసులో తిప్పుకుంటున్నాను. ఎక్కడో ఏదో కుదరడం లేదు. కాలువ లాకుల దగ్గరకొచ్చేసరికి తట్టింది. బండి ఆపేశాను.

"ఏంటండీ, పంచరా?"

"కాదయ్యా. ఆవిడ మూలలు చూడలేదు."

పిల్లలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. భూమి కోసం వచ్చినవాడు నేల మధ్యలో నిలబడడు. ఏ దేశం వాడైనా, ఎంత చదువుకున్నవాడైనా సరే, కాళ్ళు వాటంతటవే మూలకి వెళ్తాయి. హద్దురాయి ఉందా లేదా చూస్తాడు, రోడ్డు ముఖం ఎంతుందో అడుగులేసుకుంటాడు, పక్కవాడి గోడ ఎంత లోపలికొచ్చిందో చూస్తాడు. తెల్లావిడ పేటలో ఉన్నంతసేపూ ఒక్క మూలకి వెళ్ళలేదు. నేను హద్దురాయి చూపిస్తే మర్యాదకి తలూపి అటు తిరిగిపోయింది. ఆవిడ చూసిందల్లా ఆడవాళ్ళ మొహాలు. ఒకరి తర్వాత ఒకర్ని, చిన్నపిల్లల్ని కూడా, వెతుకుతున్నట్టు చూసింది. మూలలన్నీ తిరిగి, రోడ్డు ముఖం అడుగులేసింది ప్లీడరు.

ఇది చెబితే మా వీఆర్వో కాసేపు ఆలోచించి, "అయితే ఇద్దరూ కలిసి నాటకమాడుతున్నారంటారా?" అన్నాడు. వాడితో అదే బాధ.

విచారణ రోజున గ్రామ సచివాలయం కిటికీల దాకా జనం. ఎమ్మార్వో మేడం కుర్చీలో కూర్చుంది. ఆవిడ చిన్న వయసే గానీ గట్టి మనిషి. ప్లీడరు లేచి అభ్యంతరం పిటిషను చదివాడు. పట్టాదారుకి మేడమ్ గారు న్యాయబద్ధమైన వారసురాలనీ, పేటలో ఉన్నవాళ్ళంతా ఆక్రమణదారులనీ, పత్రాలివ్వడం ఆపాలనీ, మేడమ్ గారి తరఫున వ్యవహారాలన్నీ చూడ్డానికి తనకి అధికార పత్రం ఉందనీ చెప్పాడు. ఆక్రమణదారులన్న మాటకి బయట అరుపులు మొదలయ్యాయి. తెల్లావిడ బెదిరిపోయి ప్లీడరు వైపు చూసింది. ఆయన ఏమీ లేదన్నట్టు చెయ్యూపాడు.

ఆ చెయ్యి ఊపడం చూశాక నాకు ఆగలేదు. లేచి నిలబడి, "మేడం, ఒక్క ముక్క నేనడగొచ్చా?" అన్నాను. సర్వేయరు అలా మధ్యలో లేవకూడదు. ఎమ్మార్వో మేడం ఆశ్చర్యపోయి సరేనంది. నేను తెల్లావిడ ముందుకెళ్ళి, నాకొచ్చిన ఇంగ్లీషు కూడదీసుకుని, నేల వైపు చెయ్యి చూపించి, "మేడమ్, యూ వాంట్ ల్యాండ్?" అన్నాను.

ఆవిడ నన్నో పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ల్యాండ్? నో, నో" అంది. తర్వాత నెమ్మదిగా, నాకోసమే కాబోలు, విడివిడిగా రెండు మాటలంది. తనకి కావలసింది తాతగారి తల్లి అంది.

ప్లీడరు అడ్డు రాబోయాడు. ఎమ్మార్వో మేడం ఆయన్ని కూర్చోమని, తెల్లావిడతో నేరుగా ఇంగ్లీషులో మాట్లాడ్డం మొదలెట్టింది. మాట్లాడిన ప్రతి ముక్కా మాకు తెలుగులో చెప్పింది. జనం అరుపులు మానేసి కిటికీలకి అతుక్కుపోయారు.

జరిగిందిది. తెల్లావిడ తాతగారు ఈ పేటలోనే పుట్టాడు. చిన్నప్పుడే తల్లి పోతే, దొర ఆ పిల్లాణ్ణీ వాళ్ళ చెల్లెల్నీ సీమలో మేనత్తల దగ్గరికి పంపేశాడు. ఆ మేనత్తలు తల్లి ఊసెత్తనివ్వలేదు. ముసలితనంలో ఆయనకి ఒక బావీ, బావి గట్టు మీద కూర్చుని తన తల తుడిచే ఒక ఆడమనిషీ మాత్రం గుర్తుండేవాళ్ళట. ఈవిడ ఉద్యోగం మానేశాక తమ వంశం సంగతి రాసుకుందామని మొదలెట్టింది. తండ్రుల వైపు తాతముత్తాతల దాకా అన్ని రికార్డులూ దొరికాయి. ఈ ఒక్క తల్లి ఎక్కడా లేదు. ఉమ్మి పరీక్ష ఒకటుందట, అది చేయిస్తే ఒంట్లో మన వైపు రక్తం ఉందని తేలింది. అందుకని బయల్దేరి వచ్చింది. ప్లీడరుకి మొదటి రోజు నుంచీ చెబుతున్నది అదేనట. సంతకం పెట్టిన కాగితం, రికార్డుల నకళ్ళు తీసుకోవడానికి అని చెప్పాడట.

ఎమ్మార్వో మేడం పిటిషనులో ఏముందో ఆవిడకి చదివి వినిపించింది. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం అడిగి తీసుకుని, తనకి ఈ నేలలో ఏ హక్కూ వద్దని, ఇచ్చిన అధికారం రద్దు చేసుకుంటున్నానని తన చేత్తో రాసి సంతకం పెట్టింది. ఎల్లుండి తన ప్రయాణమని, ఈలోగా ఇంకేమైనా రాసివ్వాలంటే రాసిస్తానని కూడా చెప్పింది. ప్లీడరు ఫోనొచ్చిందని బయటికెళ్ళి, అటు నుంచటే కారెక్కి పోయాడు. ఆవిణ్ణి తీసుకొచ్చిన కారు అదే.

"ఉమ్మితే ఇంత తెలుస్తుందాండీ?" అని మా వీఆర్వో అక్కడికక్కడే నోరు తుడుచుకున్నాడు.

ఎమ్మార్వో మేడం, పిటిషను వెనక్కి తీసుకున్నట్టు నమోదు చేశామని, ఆర్డరు పైనుంచి రావడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పి వెళ్ళిపోయింది. జనం బయట గుంపులుగా నిలబడ్డారు. సంతోషం లేదు. ఇంకా నమ్మకం కుదరలేదు. మామ్మగారు నా చొక్కా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఆవిడ రాసిచ్చింది చెల్లుద్దా బాబూ?"

"చెల్లుతుంది మామ్మా. కానీ ఆర్డరు చేతికొచ్చే దాకా నేనేమీ అనను."

"ఈలోపల ఆవిడ మనసు మార్చుకుంటే?"

"మార్చుకోవచ్చు. మళ్ళీ ఇంకో ప్లీడరు దొరక్కపోడు."

"ఆవిడ తాలూకు గుర్తేదైనా ఆ నేల మీద ఉందని తెలిస్తే, అప్పుడు?"

నేను ఆవిడ మొహంలోకి చూశాను. పెరటి తలుపూ, లేని కుక్కా అప్పుడర్థమయ్యాయి. అబద్ధం చెప్పలేకపోయాను. "అప్పుడు వాళ్ళ వాదన గట్టిపడుతుంది మామ్మా" అన్నాను.

మా వీఆర్వో కూడా అందుకున్నాడు. "మామ్మా, ఏదున్నా ఆర్డరొచ్చాక చూపించుకోవచ్చు. గమ్మునుండండి."

"ఆవిడ ఎల్లుండి వెళ్ళిపోతుందంట కదరా. మళ్ళీ వస్తుందా? నాకంటే మరీ చిన్నదేం కాదు" అంది మామ్మగారు. కొంగు మొహానికి అద్దుకుంది. తర్వాత తిన్నగా తెల్లావిడ దగ్గరికెళ్ళి, చెయ్యి పట్టుకుని, "రామ్మా, మా ఇంటికి రా" అంది.

పెరట్లో నందివర్ధనం చెట్టు కింద మోకాలెత్తు రాయి ఒకటుంది. ఒళ్ళంతా పసుపు, మధ్యలో కుంకుమ బొట్లు. నేను ఆ పెరడు అంతకుముందే కొలిచాను. చెప్పులు విప్పి, ఆ రాయికి దండం పెట్టుకుని, చుట్టూ తిరిగి కొలుచుకుని వచ్చేశాను. మా వైపు ప్రతి పేటలోనూ ఎవరో ఒక పేరంటాలమ్మ ఉంటుంది. భర్త ఉండగానే పోయిన ఇల్లాలిని అలా రాయిలో నిలుపుకుని పసుపు కుంకుమలు పెడతారు. పసుపు రాసిన రాయిని సర్వేయరు ముట్టుకోడు, కాగితం మీద రాయడు. అది మనలో మనకి ఉన్న కట్టుబాటు.

మామ్మగారు బిందెతో నీళ్ళు పోసి, కొబ్బరి పీచు పెట్టి రాయిని రుద్దడం మొదలెట్టింది. పసుపు పొరలు పొరలుగా పెళ్ళగిలి వస్తోంది. పేట ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నీళ్ళు అందించారు. చాలాసేపటికి అక్షరాలు తేలాయి. పైన ఇంగ్లీషులో, ఫలానా దొర ప్రియమైన భార్య అని ఉంది. కింద భార్య పేరు తెలుగు అక్షరాల్లో చెక్కి ఉంది. మామ్మగారికి చదువు రాదు, తెల్లావిడకి తెలుగు రాదు. చదివింది నేను. మన అమ్మమ్మల్లో ఎవరికైనా ఉండదగ్గ పేరే. ఆవిడ నా నోటి వంక చూస్తూ ఆ పేరు ఒకసారి పలికింది, మళ్ళీ పలికింది, తర్వాత రాయి పక్కన మట్టిలో చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

"చర్చి వాళ్ళు బాప్తిస్మం లేదని చోటివ్వలేదంట" అని మామ్మగారు చెప్పింది. "మనోళ్ళేమో దొరతో లేచిపోయిందని మన శ్మశానంలోకి వద్దన్నారంట. దొర తన పెరట్లోనే, బావి పక్కన పెట్టుకున్నాడు. పుణ్యస్త్రీగా వెళ్ళింది కదా అని మా అత్తగారి అత్తగారు పసుపు రాయడం మొదలెట్టారు. అప్పట్నించీ శుక్రవారం శుక్రవారం ఈ ఇంటి కోడళ్ళం బొట్టు పెడతాం. పేరు మాత్రం మాకూ ఇవాళే తెలిసింది."

ఇదంతా నేను ఇంగ్లీషులో ఎలా చెప్పానో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడకి అర్థమైంది. మామ్మగారు లోపల్నుంచి రవికెల గుడ్డా పసుపూ కుంకుమా తెచ్చి, "పుట్టింటికొచ్చిన ఆడపడుచువి, వట్టి చేతులతో పంపకూడదమ్మా" అని ఆవిడ చేతిలో పెట్టి, నుదుట బొట్టు పెట్టింది.

"ఆడపడుచంటే వాటా ఉందన్నట్టే కదండీ గురువు గారూ" అని మా వీఆర్వో గొణిగాడు. వాణ్ణి కాలితో తన్నాలనిపించింది.

తెల్లావిడ చెప్పిన రోజునే వెళ్ళిపోయింది. ఆర్డరు రావడానికి నెల పైనే పట్టింది. ఆ నెలంతా మామ్మగారు నన్ను కనిపించినప్పుడల్లా, "పిటిషనేమైనా మళ్ళీ వేశారాండీ?" అని అడిగేది. ఎవరూ ఏమీ వెయ్యలేదు. ఆర్డరొచ్చాక రాళ్ళు పాతడానికి పేటకి వెళ్ళాం. అందరి దగ్గరా గొడవలే, జానెడు ఇటు జరపమని ఒకరు, అటు జరపమని ఒకరు. చివరికి మామ్మగారి ఇంటికొచ్చేసరికి ఆవిడ పెరట్లో రాయి పక్కన నిలబడి ఉంది. అప్పటికి మళ్ళీ పసుపు రాసేసింది, అక్షరాలు మాత్రం వదిలేసింది.

"బాబూ, ఇదిగో ఇక్కణ్ణించి ఇంతవరకు నా దాంట్లో కలపొద్దు. విడిగా రాళ్ళెయ్యి" అంది.

నాకు అర్థం కాలేదు. ఎందుకో అని అనుమానమేసింది కూడా. "మామ్మా, ఇది మీ స్వాధీనంలో ఉన్న జాగా. వదిలేస్తే ఇక రాదు. మీకున్నదే రెండు సెంట్లు."

"రాకూడదనే చెప్తున్నాను. సమాధి అని రాసుకో, సర్కారుదని రాసుకో, నీ ఇష్టం. నా పేరున మాత్రం వద్దు."

"ఎవరూ ఆవిణ్ణి కదపరు కదా. మీరున్నారు, పేటంతా ఉంది."

"నేనెంత కాలముంటానండీ? నా పట్టాలో ఉంటే రేపు నా మనవలు అమ్ముకుంటారు. కొన్నవాడు పీకి కాలవలో పారేస్తాడు." గొంతు తగ్గించి, ఇంట్లోకి ఒకసారి తొంగి చూసి అంది. "తెల్లావిడ మీద అనుమానం ఆ రోజే పోయింది బాబూ. మా వాళ్ళ మీదే పోలేదు."

మా వీఆర్వో వైపు చూశాను. వాడు మొదటిసారి ఏ అనుమానమూ పెట్టకుండా తలూపాడు. రోవర్ పెట్టి ఆ ముక్క విడిగా తీశాను, నాలుగు రాళ్ళు పాతించాను. ట్యాబులో వేలిముద్ర వెయ్యమంటే మామ్మగారు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. తన వాటా కిందున్న అంకె చదవమంది, అంతకుముందు ఎంతుండేదో అదీ చదవమంది. నిజంగానే తగ్గించానని రూఢి చేసుకున్నాకే వేలు పెట్టింది.